చీపురుకు లేని ఇంటర్వ్యూ రిజిస్టరుకెందుకు?

ఆసుపత్రి అనగానే అందరూ డాక్టరు గురించే మాట్లాడతారు. మండల్ రోజుల నుంచీ మెరిట్ మీద జరిగిన చర్చంతా తెల్లకోటు చుట్టూనే తిరిగింది. మనవాళ్ళూ ఆ గిరి దాటలేదు. కానీ ప్రతి సర్కారీ ఆసుపత్రిలో ఇంకో గది ఉంటుంది. జూనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు కూర్చునే గది. గాయాల సర్టిఫికెట్ డాక్టరు రాస్తాడు, నిజమే. అది ఫైల్లో పడి, నంబరు వేయించుకుని, పోలీసు స్టేషనుకు చేరేదాకా నడిపేది ఈ గదే. 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టి, దెబ్బలతో ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషికి ఆ కాగితం ఎన్ని రోజులు ఆలస్యమైతే ఏమవుతుందో ఉద్యమంలో తిరిగినవాళ్ళకి మేము చెప్పనక్కరలేదు. ఊడ్చేవాళ్ళ హాజరు, వాళ్ళ జీతం బిల్లు కూడా ఈ గది బల్లల మీదే ఆగుతాయి. అందుకే అక్కడ ఎవరు కూర్చుంటారన్నది ఒక నౌకరీ సంగతి మాత్రమే కాదు.

ఆసుపత్రిలో దళితులు లేరని కాదు. వార్డులు కడిగేవాళ్ళలో, మార్చురీ దగ్గర శవాలు మోసేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. చీపురు చేతికివ్వడానికి ఏ బోర్డూ కూర్చోదు. అక్కడ కులమే అర్హత. రిజిస్టరు ఇవ్వాల్సి వచ్చినప్పుడే 'వ్యక్తిత్వం' చూడాలంటారు.

ఆ వ్యక్తిత్వాన్ని ఎట్లా చూస్తారు? గన్నవరం సంగతే తీసుకుందాం. పుచ్చలపల్లి సుందరయ్యను అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం ఇది. (ఎర్రజెండా ఎగిరిన ఊళ్ళల్లో కూడా పేట ఊరి చివరే ఉండిపోయింది, అది వేరే వ్యాసం.) 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక, పక్కనే ఉన్న విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. గన్నవరం కృష్ణాలో మిగిలింది. జిల్లా స్థాయి పోస్టు ఏదైనా మచిలీపట్నం బస్సెక్కాల్సిందే. ఎక్కడ దిగినా ప్రశ్నలు మాత్రం మారవు. ఏ ఊరు? ఊళ్ళో ఎక్కడ? ఇంటిపేరు? నాన్నగారేం చేస్తారు? డెల్టాలో కులం కనుక్కోడానికి ఈ నాలుగూ చాలు. పేరు ఏసుపాదమో, మరియమ్మో అయితే అయిదోది కూడా ఉంటుంది: చర్చికి వెళ్తావా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీలు కారు, ఆంధ్రలో బీసీ-సి కింద ఒక్క శాతంలోకి పోతారు. సర్టిఫికెట్ మీద అనుమానముంటే విచారించడానికి రెవెన్యూ వాళ్ళున్నారు. ఇంటర్వ్యూ బోర్డుకేం పని?

మాలో ఒకరు మందుల స్టోర్సు లెక్కలు, ట్రెజరీ కోడు బట్టీపట్టి ఇట్లాంటి ఇంటర్వ్యూకే వెళ్ళారు. వాటి మీద ఒక్క ప్రశ్న రాలేదు. 'మీ పేటలో ఎన్ని గడపలు?' అని అడిగి పంపేశారు. దీనికి జవాబు తప్పు చెప్తే ఎన్ని మార్కులు పోతాయో మాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇది మా ఒక్కరి గోడు కాదు. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల మీద వేసిన అజయ్ హసియా కేసులోనూ ఇదే ఫిర్యాదు: రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ, తల్లిదండ్రులెవరు, ఉండేదెక్కడ అన్న ప్రశ్నలు. మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకి పెట్టడం నిరంకుశమనీ, 15 శాతం దాటకూడదనీ సుప్రీంకోర్టు తేల్చింది. హర్యానా సర్వీసుల మీద వచ్చిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో 1985లో 22.2 శాతం కూడా ఎక్కువేనంది. ప్రైవేటు కంపెనీల్లో ఉద్యోగులను ఎంపిక చేసేవాళ్ళతో సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ మాట్లాడి 2007లో అచ్చువేసిన వ్యాసం చూడండి. కులం చూడమంటూనే 'కుటుంబ నేపథ్యం' అడిగి తీరాలంటారు వాళ్ళు. కూలివాడి కొడుకు దగ్గర ఆ నేపథ్యం ఒక్క మాటలో అయిపోతుంది.

మరి ఇంటర్వ్యూ తీసేస్తే? కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్‌గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు తీసేసింది. మన వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు నోటిఫికేషన్లలోనూ ఇటీవల లెక్కల పద్ధతి వచ్చింది. అర్హత పరీక్షకు 75 మార్కులు. పాసై గడిచిన ఏడాదికొకటి చొప్పున 10. మిగిలిన 15 కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు: ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, పల్లెల్లో రెండు, పట్నంలో ఒకటి. నోరు తెరవనక్కరలేదు. మంచిదే. ఆ పది మార్కులు, డిగ్రీ పాసై కూడా నాట్లకు, కోతలకు పోయినవాళ్ళకి కొంత ఊరట.

పేచీ ఆ పదిహేనుతోనే. మొదటిసారి ఔట్‌సోర్సింగ్‌లోకి ఎవరు ఎట్లా పోయారు? ఏజెన్సీల కాలంలో నోటిఫికేషన్ లేదు, రోస్టరు లేదు, నాయకుడి సిఫారసు ఉత్తరం ఉంటే చాలు. 2020 జూలైలో ఆప్కాస్ పెట్టినప్పుడు, ఏజెన్సీల దోపిడీ, లంచాలు పోవాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. సగం ఉద్యోగాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకన్నారు. కానీ పాత దారిలో చేరినవాళ్ళనే అందులోకి మార్చారు, ఆ సేవకే మార్కులిచ్చారు. ఇంటర్వ్యూ గది మూతపడి, ఎమ్మెల్యే వసారాలో తెరుచుకుందన్నమాట. ఇంకో తిరకాసు చూడండి. అదే ఆసుపత్రిలో పదేళ్ళు ఊడ్చినామె కూతురికి కాదు, ఆమెకే డిగ్రీ ఉన్నా ఆ ఏళ్ళు ఆఫీసు పోస్టుకి పనికిరావు. ఏ పోస్టుకి దరఖాస్తు పెడితే ఆ పోస్టులో చేసిందే సేవ.

అందుకని ఇంటర్వ్యూ వద్దనే నినాదం దగ్గర మేము ఆగలేం. ఇంటర్వ్యూ ఉన్నచోట ప్రశ్నలు, మార్కులు ఇచ్చిన కారణం రాసి ఉంచాలి. పేరూ ఊరూ బోర్డు ముందుకు రాకూడదు. లేనిచోట, సేవ మార్కులు తెచ్చుకున్న ప్రతి ఒక్కరి మొదటి నియామకం ఏ రోస్టరు పాయింటు మీద జరిగిందో జాబితాలో వేయాలి. 2005 సమాచార హక్కు చట్టం ఉంది, పదిరూపాయల దరఖాస్తు. మీ దగ్గరి ఆసుపత్రిలో బల్లల దగ్గర ఎందరు ఎస్సీలు, చీపుళ్ళ దగ్గర ఎందరో ముందు అది అడగండి. వచ్చిన జవాబులు మాకు పంపండి.