ఎవరు, ఎవరితో, ఎప్పుడు?

అనంతపురంలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల నోటుపుస్తకాల్లో తరచూ ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమ పక్క ఇంగ్లిష్ జాతీయం, కుడి పక్క అర్థం. అందులో 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' తప్పకుండా ఉంటుంది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దరిదాపున కురిసే సీమలో ఆ మాటకు అవకాశమే తక్కువ. ఇంగ్లిష్ వాళ్లూ ఇప్పుడు 'ఇట్స్ పోరింగ్' అనే ఎక్కువగా అంటున్నారు.

ఈ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం నా పని. మొన్న డిగ్రీ చదివే అమ్మాయి సెలవు చీటీ రాసి దిద్దమంది. 'మై గ్రాండ్‌మదర్ కిక్డ్ ద బకెట్' అని ఉంది. వ్యాకరణం సరే, పట్టిక ప్రకారం అర్థమూ సరే.

"మీ జేజి బాల్చీ తన్నేసిందని ప్రిన్సిపాల్‌తో అంటావామ్మా?" అన్నాను.

"అయ్యో, అట్లెట్లంటాను సార్!" అని చీటీ లాక్కుని 'పాస్డ్ అవే' అని తనే దిద్దుకుంది.

పెద్దల చావు గురించి తెలుగులో ఎలా మాట్లాడాలో ఆ పిల్లకు ఎవరూ పట్టిక రాసివ్వలేదు. ఇంట్లో, చేనులో, రచ్చబండ దగ్గర వింటూ పెరిగింది.

మాటను దాని వాడుకతో కలిపి చూడటం సి.పి. బ్రౌన్ పద్ధతి కూడా. 1820లో కడపకు వచ్చినవాడు, 1852 నాటి తెలుగు నిఘంటువులో అర్థాలతో సరిపెట్టకుండా ప్రయోగాలూ చూపించాడు. 1750–1810 ప్రాంతంలో తెలుగులో రాసిన మన అనంతపురం చరిత్రను ఇంగ్లిష్‌లోకి తెచ్చి, 'ది వార్స్ ఆఫ్ ద రాజాస్' పేరుతో 1853లో మద్రాసులో అచ్చువేయించాడు. పట్టికలో మాట ఒంటరిగా ఉంటుంది; అలాంటి చరిత్ర కథలో అయితే ప్రతి పలుకుకూ అన్న మనిషి ఉంటాడు, అనాల్సిన సందర్భం ఉంటుంది.

అందుకే నా తరగతిలో పట్టికకు ఇంకో మూడు గళ్లు గీయిస్తాను: ఎవరు, ఎవరితో, ఎప్పుడు. 'కాల్ ఇట్ ఎ డే' అంటే పని చాలించడం. శెనక్కాయ పీకే చేనులో పొద్దు వాలాక, "ఇంక చాలిద్దాం పాండి" అనే మేస్త్రీగా ఒకరు, కూలీలుగా నలుగురు నిలబడి ఆ మాట ఇంగ్లిష్‌లో అంటారు. పొద్దున పనిలోకి దిగేటప్పుడు ఆ మాట ఎందుకు పనికిరాదో వాళ్లకు వాళ్లే చెబుతారు.

రోజుకు పది జాతీయాలు బట్టీ పట్టించే మాస్టర్లను నేను కోరేది ఒక్కటే. వారానికి ఒకటి చెప్పండి, చాలు. దాన్ని పిల్లల చేత సందర్భంలో పలికించండి. అలా నేర్చిన మాటను ఇంటర్వ్యూలో వాడటానికి మన పల్లె పిల్లలు జంకరు.