తప్పు లెక్కకు గడి ఏదీ?

నాలుగో తరగతి పిల్లాడి నోటుబుక్కులో 42లోంచి 17 తీస్తే 35 వచ్చింది. ఎలా వచ్చిందిరా అనడిగితే, "పెద్దదాంట్లోంచే కదా సార్ చిన్నది పోయేది, అందుకే ఏడులోంచి రెండు తీశా" అన్నాడు. ఒకటో తరగతిలో విన్నమాటను వాడు బుద్ధిగా పాటిస్తున్నాడు, అంతే. పిల్లల స్థాయి చూసే బేస్‌లైన్ పరీక్ష షీటులో మాత్రం వాడి పేరుకెదురుగా 'తీసివేత రాదు' అని పడుతుంది. ఆ షీటు మండలానికి, అక్కణ్ణుంచి జిల్లాకు వెళ్లి శాతాలవుతుంది. ఏడులోంచి రెండు తీసిన సంగతి దారిలోనే రాలిపోతుంది.

ప్రణాళికలకు కొదవేం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మంచి ఆలోచనే. కానీ కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు ఆ మూడేళ్ల ప్రణాళికలో ముఖ్యంగా అడిగేది ఎంతమంది చేరతారు, ఇంకెందరు టీచర్లు కావాలి, గదులెన్ని, డబ్బెంత అనే. గది కురుస్తుంటే చదువు సాగదు, నిజమే. పిల్లలు ఏ లెక్క దగ్గర ఆగిపోయారో రాసుకునే గడి మాత్రం లేదు.

ఆ పిల్లాడి చేత ఈనెపుల్లల్ని పదేసి కట్టలు కట్టించాం. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు పెట్టాడు. ఏడు తీయబోతే రెండే ఉన్నాయి. కాసేపు చూసి, ఒక కట్టకున్న రబ్బరుబ్యాండు తనే లాగేశాడు. పుల్లలు లేకుండా కాగితం మీద చేయడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. వాడితోపాటు కూర్చోబెట్టిన ఒకరిద్దరు ఇప్పటికీ తడబడుతూనే ఉన్నారు.

అసలు చిక్కు ఇలా పిల్లాడి గురించి తెలుసుకున్నదాన్ని నిలబెట్టుకోవడంలో ఉంది. బదిలీ అయిన టీచరు చార్జి అప్పగించేటప్పుడు బీరువాలూ బెంచీలూ లెక్కపెడతారు. ఏ పిల్లాడు ఎక్కడున్నాడో ఎవరూ అడగరు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో పాఠాల్ని కార్డులుగా విడగొట్టి, నిచ్చెన పటం తయారుచేశారు. తాము ఏ మెట్టు మీదున్నదీ పిల్లలకే తెలుస్తుంది కాబట్టి టీచరు మారినా చదువు అక్కణ్ణుంచే సాగుతుంది. తమిళనాడు ఈ పద్ధతిని అందిపుచ్చుకుని ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్) పేరుతో ప్రభుత్వ బడుల్లో నడిపింది. చిరిగిన కార్డులు మళ్లీ అచ్చేయించే నాథుడు లేకపోతే అదీ అటకెక్కుతుందనుకోండి.

ఈసారి చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు స్లైడ్లు వద్దు, తప్పు లెక్కున్న నోటుబుక్కు తలా ఒకటి తెండి అని కబురుపెట్టాను. సాయంత్రం ఒక మాస్టారు ఫోన్ చేశారు: "దీనికి ఫార్మాట్ ఏమైనా ఉందా సార్?"