రోబోటు శబ్దవిచారము

'యంత్రమానవుఁడు', 'మరమనిషి' యను రెండు మాటలు తెలుఁగున రోబోటు శబ్దమునకుఁ బర్యాయములుగా వాడుకలోనికి వచ్చినవి. పత్రికలలోను బాలుర పుస్తకములలోను వీనికే వ్యాప్తి. వినుట కింపుగా నున్నను ఈ రెండును మూలార్థమునకు మిక్కిలి దూరములు. దూరమగుటయే కాదు; ఏ నాటకమున నీ శబ్దము పుట్టెనో యా నాటకములోని ప్రధానప్రశ్నకు, తెఱ లేవకమునుపే యివి సమాధానము చెప్పివేయుచున్నవి. కావున దీనిని గూర్చి కొంత విచారింపవలసి యున్నది.

రోబోటు శబ్దమునకుఁ బుట్టినిల్లు చెక్కు భాషారచయితయగు కారెల్ చాపెక్ వ్రాసి 1920వ సంవత్సరమునఁ బ్రకటించిన 'ఆర్. యు. ఆర్.' అను నాటకము. ఆ యక్షరములకు 'రోసుము సార్వత్రిక రోబోటులు' అని వివరణము. అది నాటకములోని కర్మాగారము పేరు. రోసుము అను పేరు బుద్ధివాచకమగు చెక్కు శబ్దమునుండి కల్పింపఁబడినది. ప్రాగు నగరమందలి జాతీయ నాటకశాలలో 1921 జనవరి 25వ తేదీని, న్యూయార్కున 1922 అక్టోబరు 9వ తేదీని దీనిని బ్రదర్శించిరి. ఆంగ్లానువాదమున సయితము ఆ మాట యట్లే నిలిచి, భాషాంతరముల కెక్కినది.

శబ్దకర్త మాత్రము నాటకకర్త కాఁడు. కారెల్ 1933లో నొక పత్రికయందుఁ దానే యీ వృత్తాంతమును జెప్పెను. కల్పితశ్రామికులకుఁ బేరు కావలసి, లాటిను మాట ననుసరించి 'లాబొరి' యను రూపమును మొదట నూహించి, అది పుస్తకములవాసన గొట్టుచున్నదని సంశయించి, యన్నయగు యోసెఫు నొద్దకుఁ బోయెను. యోసెఫు చిత్రకారుఁడు. కుంచెను నోటఁ గఱచుకొని పటము వ్రాయుచు, వానిని రోబోటులనవచ్చునని గొణిగెనఁట. పారిభాషికపదములకై సమితులు గూడి యేండ్లతరబడి తర్కించు విద్వాంసు లీ కథను మఱవఁగూడదు.

'రోబొత' యనఁగా చెక్కుభాషలో, దొరకు రైతు కూలిలేక చేయవలసిన నిర్బంధసేవ. బొహీమియా దేశమునఁ గాపులు వారమున నిన్ని దినములని దొరల పొలములలో నూడిగము చేయుచుండిరి. ఆస్ట్రియా సామ్రాజ్యమున నిది 1848లో రద్దయ్యెను. చాపెక్ 1890లో జనించెను. ఆతని తాతల తరమువా రీ సేవను గన్నులారఁ జూచినవారే. ప్రాచీన స్లావుభాషలో 'రబ' యనఁగా దాసుఁడు. జర్మనుల 'ఆర్బైటు' శబ్దమును, సంస్కృతమందలి 'అర్భ' శబ్దమును దీనికి జ్ఞాతులని భాషాశాస్త్రజ్ఞులు కొందఱు చెప్పుదురు. అర్భకుఁడు సంస్కృతమునఁ బసివాఁడు, తెలుఁగున దుర్బలుఁడు. దిక్కులేని పసివాఁడు పరులయింట సేవకుఁ జేరుట మూలార్థమైనచో నీ చుట్టఱికము పొసఁగును.

తెలుఁగువారికి రోబొత క్రొత్తది కాదు. దానిని వెట్టి యందురు. ఇది విష్టిశబ్దభవమని వ్యుత్పత్తి. అమరసింహుఁ డీ విష్టిశబ్దమును బనులు చెప్పు వర్గములలోఁ గాక నరకవర్గమున, యాతనాశబ్దమునకుఁ బ్రక్కనే పఠించెను. తెలంగాణమున దేశముఖుల గ్రామములలో నిరువదవ శతాబ్ది నడుమవఱకు వెట్టి సాగినది. ఆంధ్రమహాసభ దానిపైఁ బోరాడినది. ఇంత దగ్గఱి మాట యింట నుండఁగా దానిని విడిచి, నాటకమున లేని యంత్రమును దెచ్చుకొనుట జరిగినది.

నాటకమున యంత్రము లేదనుట యతిశయోక్తి గాదు. చాపెక్ రోబోటులలో నినుము లేదు, చక్రము లేదు. పెద్ద రోసుము ఒక ద్వీపమున జీవద్రవ్యమునకు సాటియగు వేఱొక ద్రవ్యమును గనుఁగొని, దేవునితోఁ బనిలేదని నిరూపించుటకై సంపూర్ణమానవుని నిర్మింపఁ దలఁచెను. అతని బంధువగు చిన్న రోసుము ఇంజనీరు. వానికి దేవునితోఁ గాని వివాదముతోఁ గాని పని లేదు. మనుష్యుఁడు సంతోషించును, వీణె వాయించును, షికారు పోవును. నేఁత నేయుటకు, లెక్కలు వ్రాయుటకు నివి యేల? వానిని దీసివేయఁగా మిగిలినది రోబోటు. తొట్లలోఁ గాలేయములను మెదళ్లను గలుపుదురు. నూలువలె నాడులను వడకుదురు. నొప్పి తెలియకున్న నవయవములను విఱుగఁగొట్టుకొని సరకు నష్టమగునని నొప్పినిఁ గూడఁ గలిగింపఁ జూతురు. నొప్పిని వ్యయపట్టికలోఁ జేర్చిన యీ ఘట్టమున వెట్టి యనఁగా నేమో చాపెక్ సంపూర్ణముగాఁ జూపెను.

భోజరాజు సమరాంగణసూత్రధారమున యంత్రవిధానాధ్యాయమున్నది, ద్వారపాలకులగు యంత్రపురుషులు నచటఁ జెప్పఁబడిరి, కనుక యంత్రమానవశబ్దము సంప్రదాయసిద్ధమే యని పూర్వపక్షము. ఆ పురుషులు కొయ్యతోఁ గూర్చిన వినోదవస్తువులు. వారినుండి కొయ్యను దీసివేసిన నేమియు మిగులదు. చిన్న రోసుము చేసినది మనుష్యునిలో మనుష్యత్వమును దీసివేయుట. ఒకటి కూడిక, మఱొకటి తీసివేత; రెంటికి నొక్కపేరు చెల్లదు.

ఇఁక వ్యాకరణవిషయము. ఈ నాటకమంతయు నొక లింగవివాదమని చెప్పవచ్చును. కర్మాగారమునకు వచ్చిన హెలేనా సుల్లా యను రోబోటును జూచి కన్య యనుకొనును. డోమిన్ అది సరకని చూపుటకై కోయించి చూపుదునని యనును. అటుపిమ్మట ఆ యధికారులనే యామె రోబోటు లనుకొనును! ఎవరు 'ఆమె', ఏది 'అది' యను సందేహముతో హాస్యము నడచి, తుదియంకమువఱకు నదియే భయానకమై పెరుఁగును. చెక్కుభాషలోఁ బుంలింగశబ్దములకుఁ బ్రాణి, అప్రాణి భేదము గలదు, బహువచనరూపములు వేఱగును. చాపెక్ తన రోబోటులను బ్రాణివాచకములుగనే ప్రయోగించెను. నేఁటి చెక్కులు వంటయింటి యంత్రమును జెప్పునపు డప్రాణిరూపమును వాడుదురు. కాని యా భేదము మనుష్యునిఁ బశువునుండి వేఱుపఱుపదు.

తెలుఁగు వేఱుపఱుచును. చిన్నయసూరి బాలవ్యాకరణమున స్త్రీలు, తిర్యక్కులు, జడములు గాక మిగిలినవి మహత్తులు. స్త్రీవాచకమున కేకవచనమున నమహత్కార్యము, బహువచనమున మహత్కార్యము. కావున 'సుల్లా వచ్చినది' యన్నచోఁ గన్యయో సరకో క్రియవలనఁ దెలియదు, బహువచనమున 'వచ్చినారు', 'వచ్చినవి' యన్నపుడు కాని గుట్టు బయటపడదు. మూలకర్తకే లేని సాధనము తెలుఁగు అనువాదకుని చేతిలో నున్నది. అంతకంటె గొప్పసాధనము సర్వనామము. డోమిన్ రోబోటును 'అది' యనవలెను. హెలేనా 'అతఁడు' అనవలెను. తాపీ చేతఁబట్టి గోడ కట్టుకొను నల్క్విస్టు 'వాఁడు' అనవలెను. 'వాఁడు' నీచార్థకమైనను మహద్వాచకము. వెట్టిచేయువానిని దొర 'వాఁడు' అనునే కాని 'అది' యనఁడు. ఎంత తక్కువచేసినను మనుష్యకోటినుండి తొలఁగింపని యీ మాట యాంగ్లమున లేదు. 'మరమనిషి' యన్నచో మొదటిమాటతోనే మనిషి యని యొప్పుకొన్నట్లగును. అటుపిమ్మట నాటక మేల?

ఐజాక్ ఆసిమోవ్ నాటకము ప్రకటితమైన 1920లోనే రష్యాలో జనించి, 1923లో నమెరికా చేరి, బ్రూక్లినునఁ దండ్రి మిఠాయిదుకాణములోఁ బనిచేయుచుఁ బెరిగెను. రోబోటు శబ్దముపైఁ దద్ధితమువంటి ప్రత్యయము చేర్చి శాస్త్రవాచకమగు 'రోబోటిక్సు' అను రూపమును 1941లోఁ బ్రయోగించినవాఁ డితఁడే. అది యంతకుముందే గల మాట యని యనుకొనెనఁట! వైయాకరణుని కింతకంటె సంతోషకరమైన సాక్ష్యము లేదు. చాపెక్ నాటకమును మాత్ర మితఁడు చెడ్డనాటకమనెను. ఆ యొక్క మాటవలననే యది చిరస్థాయి యనెను.

నాటకమున లోపములున్న మాట నిజము. కొలఁదినిమిషముల సంభాషణములోనే డోమిన్ హెలేనాను బెండ్లికి నొప్పించుట, తక్కినవారందఱు నామెను గోరుట ప్రహసనప్రాయము. రోబోటులు చేయు రహస్యపత్రమును హెలేనా దగ్ధముచేయుటకు చాపెక్ చూపిన కారణము కథకుఁ దగినంత బలమైనది కాదు. ఐనను మాటను గ్రహించి నాటకమును ద్రోసివేయుట యాసిమోవునకే సాగలేదు. 1942లోని 'రనరౌండు' కథలో నతఁడు ప్రసిద్ధములగు మూఁడు సూత్రములను విధించెను. మనుష్యునకు హాని చేయరాదు, ఆజ్ఞ మీఱరాదు, ఈ రెంటికి భంగము లేనంతవఱకే తన్నుఁ దాను గాచుకొనవలెను. వీనిలో రెండవది వెట్టివాని ధర్మము గాక మఱేమి? అదే కథలో బుధగ్రహమునఁ బాఁతవడిన రోబోటులు మనుష్యులను బ్రభువులని పిలుచును, వీఁపుపై మనుష్యుఁ డెక్కినఁగాని నడువవు, దాస్యబుద్ధిని నిర్మాతలే వానియందుఁ బొందుపఱిచిరని కథకుఁడు చెప్పును. చాపెక్ రోబొత లోహపుఁజర్మమునఁ దిరిగి లేచినది.

చాపెక్ 1938 డిసెంబరు 25వ తేదీని మరణించెను. నాజీలు 1939 మార్చిలోఁ బ్రాగు నాక్రమించి, యాతఁడు పోయెనని తెలియక పట్టుకొనుటకు వచ్చిరి. యోసెఫును 1939 సెప్టెంబరు 1వ తేదీని పట్టుకొని డాఖావు, బూఖెన్వాల్డు, జాక్సెన్‌హౌజెన్ శిబిరములలో నుంచిరి. 1945 ఏప్రిలున బెర్గెన్-బెల్సెనులో నాతఁడు నశించెను. బందీలచేఁ గూలిలేని పని చేయించుట యా శిబిరముల నియమము. ఆ మాట పుట్టించినవాని యెడల నది యలంకారము కాలేదు.

తెలుఁగున నేఁడు 'రోబో' యను కుఱుచరూపము 2010లో వచ్చిన యనువాదచలనచిత్రము పేరుగా నెల్లర నోట నున్నది. దానిని గ్రామ్యమని యీసడింపఁ బనిలేదు. తుదివర్ణము పోయినను దాసార్థకమగు ధాతువు పోలేదు. 'రోబోటు' అన్యదేశ్యముగా నట్లే యుండుటయు మేలే. చాపెక్ నాటకమును దెలిఁగించువాఁడు మాత్రము 'వెట్టివాఁడు' అను మాటను బరీక్షింపవలెను. సర్వనామములయెడ నింకను జాగరూకుఁడు కావలెను. తుదియంకమున మిగిలిన యొక్క మనుష్యుఁ డల్క్విస్టు హెలేనా యను పేరుగల రోబోటును గోసి చూతుననఁగాఁ బ్రైమస్ తన్ను గోయుమనును. ప్రైమసును గోయుదుననఁగా నామె తన్ను గోయుమనును. ముసలివాఁడు వారిని విడిచిపుచ్చును. 'పొండు' అను విధిరూపమున లింగభేదము లేదు కావున సంభాషణమున సంకటము లేదు. దాని క్రిందనే యున్న రంగసూచనలో 'వెడలినవి' యని వ్రాయవలెనా, 'వెడలిరి' యని వ్రాయవలెనా యను నిర్ణయము మాత్ర మనువాదకునకుఁ దప్పదు.