రిబ్బను కత్తిరించే ముందు

మా కాలనీలో కొత్త మంచినీళ్ల ట్యాంకుకి మొన్న ప్రారంభోత్సవం చేశారు. కొబ్బరికాయ, రిబ్బను, ఫోటోలు అన్నీ అయ్యాయి. మర్నాడు పొద్దున్న కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. ట్రయల్ రన్ చేసుకోవడానికి మనవాళ్లకి తీరికెందుకుండదో!

ఇలా ఒళ్లు మండినప్పుడల్లా నాకు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ గుర్తొస్తారు. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో, ఉపగ్రహ సంకేతాలకని బెల్ ల్యాబ్స్ కట్టిన ఇరవై అడుగుల కొమ్ము యాంటెన్నా వాళ్ల చేతికొచ్చింది. దాంతో పాలపుంతను కొలవాలని వాళ్ల ఆశ. ముందు యాంటెన్నా సొంత రొద ఎంతో తేల్చుకుందామని, ద్రవ హీలియంతో చల్లబరిచిన ప్రమాణాన్ని పెట్టుకుని 1964లో ఆకాశాన్ని దాంతో పోల్చి చూశారు. మూడున్నర డిగ్రీలు ఎక్కువొచ్చింది. ఎటు తిప్పినా అంతే. రేకుల అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. కొమ్ములో కాపురం పెట్టిన పావురాల జంటను పట్టి దూరం పంపిస్తే, అవి తిరిగి అక్కడికే వచ్చాయి. రెట్టలు గోకి కడిగారు. రొద పోలేదు. అది, పుట్టిన కొత్తల్లో విశ్వానికున్న వేడి చల్లారగా మిగిలిందని, ప్రిన్‌స్టన్‌లో రాబర్ట్ డిక్కీ బృందంతో మాట్లాడాక గాని తెలియలేదు. 1978లో నోబెల్ వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే నా వాదానికి ఢోకా లేదు. కానీ బైసెప్2 ఉందే!

దక్షిణ ధ్రువం దగ్గర, 26 సెంటీమీటర్ల నోరున్న చిన్న టెలిస్కోపు అది. అందులో 512 సెన్సర్లు, పరమ శూన్యానికి పావు డిగ్రీ పైన పనిచేస్తాయి. టెలిస్కోపును తన ఇరుసు మీదే తిప్పి, అదే ఆకాశాన్ని మళ్లీ చూస్తారు. కనిపించిన నమూనా దాంతోపాటే తిరిగితే తప్పు పరికరానిదన్నమాట. ఇన్ని జాగ్రత్తలూ పడి, విశ్వం తొలి క్షణాల గురుత్వ తరంగాల ముద్ర దొరికిందని 2014 మార్చి 17న ప్రకటించారు. పరికరంలో వంకలేదు. పాలపుంతలోని దుమ్ము కూడా సరిగ్గా అలాంటి ముద్రే వేస్తుంది. వాళ్లు చూసిందేమో 150 గిగాహెర్ట్జ్ ఒక్కటే. ప్లాంక్ ఉపగ్రహం 353 దగ్గర కొలిచిన దుమ్ము లెక్క కలిపేసరికి, 2015 మొదట్లోనే ఆ ప్రకటన వీగిపోయింది.

తొందరపడ్డారని నేను తిట్టాలి. నోరు రావడం లేదు. ధ్రువం మీద ఇంకో పదేళ్లు కూర్చుని మరలు బిగించినా ఆ దుమ్ము బయటపడేది కాదు. ప్రకటించారు గనకే నలుగురూ మీదపడి పరీక్షించారు, ఆఖరికి రెండు బృందాలూ డేటా కలిపాయి. అదే ముద్ర కోసం చిలీ అటకామా ఎడారిలో సైమన్స్ అబ్జర్వేటరీని ఆరు పౌనఃపున్యాల్లో చూసేలా రూపొందించారు. పై రెండూ దుమ్ము లెక్కకి, కింది రెండూ పాలపుంత రేడియో రొద లెక్కకి. అసలు వేటకి మిగిలేవి నడిమి రెండే.