కలవని మూల

ఉక్కు చువ్వను రెండుచోట్ల వంచితే ట్రయాంగిల్ తయారవుతుంది. ఇందులో పనితనమేముంది అనుకునేవాళ్లు మూడో మూలను చూడాలి. అక్కడ రెండు కొసలూ దగ్గరికొచ్చి, తాకకుండా ఆగిపోతాయి. ఆ సందు వల్ల చువ్వ రెండు కొసలూ స్వేచ్ఛగా కంపిస్తాయి. ఒకదానితో ఒకటి పొసగని బోలెడు పైస్వరాలు ఒక్కసారిగా లేస్తాయి. ఏ స్వరమూ పెత్తనం చేయదు కాబట్టి ఏ శ్రుతిలో పాటకైనా ఇది అడ్డురాదు. పైగా ఆ సన్నని మోత ఎనభైమంది ఆర్కెస్ట్రాను చీల్చుకుని చివరి వరుస దాకా వెళ్తుంది.

వేలాడదీయడంలోనూ నేర్పు ఉంది. తాడు మందంగా ఉంటే మోతను మింగేస్తుంది, అందుకే సన్నని నైలాన్ దారం కడతారు. కచేరీ మధ్యలో తెగితే కిందపడకుండా రెండోది వదులుగా చుట్టి ఉంచుతారు. పుల్లతో నిటారుగా కొడితే ఒక రకం, ఏటవాలుగా కొడితే మరింత మెరుపు.

మధ్యయుగపు ఐరోపా చిత్రాల్లో దీని అడుగు కడ్డీకి రింగులు కనిపిస్తాయి. కొట్టిన ప్రతిసారీ అవి గలగలలాడుతుంటే ఒక్క దెబ్బను విడిగా వినిపించడం కష్టం. 18వ శతాబ్దంలో తుర్కీ సైనిక వాద్యాల మోజు వియన్నాను ఊపేసినప్పుడు పెద్ద డోలు, తాళాలతోపాటు ట్రయాంగిల్ కూడా ఆర్కెస్ట్రాలోకి వచ్చింది. 1782లో మోత్సార్ట్ ఒపెరాలోనూ, 1794లో హైడన్ ‘మిలిటరీ’ సింఫనీలోనూ దాని పని హంగామాకు వంత పాడటమే. 19వ శతాబ్దం వచ్చాక రింగులు పోయాయి.

దానికి సొంతంగా మాట్లాడే అవకాశం ఇచ్చినవాడు హంగరీ స్వరకర్త లిస్ట్. మొదటి పియానో కాన్చెర్టోను 1855లో వైమార్‌లో ఆయనే వాయించాడు, ఆర్కెస్ట్రాను నడిపించింది ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్. స్కెర్ట్సో అనే చురుకైన భాగం మొదట్లో, తీగవాద్యాల మీటుల మధ్య ట్రయాంగిల్ తన లయను విడిగా వినిపిస్తుంది. మొరటుగా బాదొద్దు, సున్నితంగా, కచ్చితంగా మోగాలని స్వరపత్రంలోనే రాశాడు. వియన్నా విమర్శకుడు హాన్స్లిక్ దాన్ని ‘ట్రయాంగిల్ కాన్చెర్టో’ అని వెక్కిరించాడు. వెక్కిరింతే అయినా, అది ఎంత స్పష్టంగా వినబడిందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నాకు ముచ్చటేసేది మాత్రం అమెరికాలోని లూసియానాలో, ఫ్రెంచి మూలాలున్న కేజన్ల పల్లెల ట్రయాంగిల్. పాత గడ్డిదంతె పళ్లను కొలిమిలో కాల్చి వంచి, కొసలను సుడులు తిప్పేవారు. పక్కన ఫిడేలు, అకార్డియన్. వాయించేవాడు పిడికిలి బిగిస్తే ‘టక్’, వదిలితే ‘టింగ్’. బ్రెజిల్‌లో ఫోర్హో అనే నృత్యసంగీత బృందాల్లోనూ ఇదే పద్ధతి: మూసి, తెరిచే చేతితోనే నృత్యానికి కావలసిన తాళమంతా నడిపిస్తారు.