రంగుల అక్షరములు: రెండు రూబీ లైబ్రరీలు

టెర్మినల్ తెరపై మాట ఎఱ్ఱగా కనబడవలెనన్న దాని ముందు ఎస్కేప్ అను అదృశ్య సంకేతముతో 31 అంకెను పంపవలెను. 0 పంపినచో రంగు తొలగును. రూబీ భాషలో ఈ పనికి కలరైజ్ మిక్కిలి సులభము. మాట చివర రంగు పేరు చేర్చిన చాలును. కాని అందుకై అది రూబీలోని స్ట్రింగ్ క్లాసులోనే, అనగా ప్రోగ్రాములోని పాఠమంతటికి మూలమైన చోటనే, తన మెథడ్‌లను చొప్పించును. అద్దెకు దిగినవాడు గోడలు మార్చినట్లు! మరొక లైబ్రరీ అదే పేరు వాడినచో ఒకటి రెండవదానిని మరుగుపరచును. తరువాత వేరు క్లాసును కూడ చేర్చుట మెచ్చదగినదే. పాస్టెల్ ఆ మూలమును ముట్టదు. వ్రాత కొంచెము పెరుగును, అంతే. పైగా టెర్మినల్‌కు రంగులు చేతనగునో లేదో తానే కనిపెట్టును. ఈ జాగ్రత్త లేనిచో, రంగులు చేతకాని టెర్మినల్‌లో మాటల నడుమ ఆ అంకెలే మిగులును.