ఓడకు పీఠం

చిన్న యుద్ధనౌకలతో ఆడుకోవడానికి నంద్యాల ఇళ్లు భలే అనువైనవి. బేతంచెర్ల నాపరాయి పరిచిన నేల చదునుగా, బూడిద రంగులో, మబ్బు పట్టిన రోజు సముద్రంలా ఉంటుంది. 1930లలో ఫ్లెచర్ ప్రాట్ అనే రచయిత న్యూయార్క్‌లో స్నేహితుల్ని పోగేసి ఇలాగే నేల మీద నౌకాయుద్ధాలు నడిపించాడు. అంతకు ముందే, 1898లో, ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ జేన్ ఇలాంటి ఆటకు నియమాలు రాశాడు. మాకు సముద్రం దూరమే.

నా ఓడలు 1:2400 స్కేలువి. మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ అసలు పొడవు 213 మీటర్లు. నా దగ్గర అది 9 సెంటీమీటర్లు. యుద్ధనౌక ఖుక్రీ 4 సెంటీమీటర్లే. అంత చిన్నదాన్ని వేళ్లతో పట్టి జరిపితే తుపాకీ గొట్టం వంగుతుంది, స్తంభం విరుగుతుంది, రంగు అరుగుతుంది. అందుకే కింద బేస్ ఉండాలి. చెయ్యి పడేది బేస్ మీద, కన్ను పడేది ఓడ మీద. చాలామంది ఓడకు రంగులన్నీ వేశాక ఏదో ఒక అట్టముక్క కత్తిరించి అంటిస్తారు. నాకది నచ్చదు.

ఎందుకు నచ్చదో ఆళ్లగడ్డలో తెలిసింది. అక్కడి శిల్పశాలల్లో విగ్రహం పుట్టకముందే పీఠం ఉంటుంది. నల్లరాతి దిమ్మె మీద నిలువునా మధ్యగీత గీసి, అడుగున పీఠానికి చోటు విడిచి, ఆ పైన మిగిలిన ఎత్తును తాళమానమనే శిల్పుల కొలత ప్రకారం పంచుతారు. "ముందు కాళ్ల కింద నేల ఉండాల గదా సార్" అన్నాడొక శిల్పి, ఉలి ఆపకుండానే. పద్మపీఠం రేకులు చెక్కేటప్పుడు ఆయన రేకు కొనను మొనగా వదల్లేదు, కాస్త మొద్దుగా తిప్పాడు. అభిషేకాలకూ తుడుపులకూ ముందు దెబ్బతినేది ఆ కొనే. విడిగా చేసిన పీఠమైతే, విగ్రహం అడుగున విడిచిన రాతికొస దాని గుంతలో దిగాలి. గుడిలో ప్రతిష్ఠించేటప్పుడు ఆ సందును లక్క, గుగ్గిలం, మైనం, వెన్న వంటివి కలిపి దంచిన అష్టబంధనంతో పూడుస్తారు.

అప్పటినుంచి నేనూ బేస్‌తోనే మొదలుపెడతాను. రెండు మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్క తీసుకుని అంచులు ఏటవాలుగా రుద్దుతాను, నేల మీద మెట్టులా కనబడకూడదు. ఓడను దించి, చుట్టూ ఫెవికాల్‌లో తడిపిన పల్చటి టిష్యూ పరిచి, కుంచె మొదలుతో అలలు లేపుతాను. ఓడ వెనక అలలు విచ్చుకునే తీరుకు లెక్క ఉంది. లోతైన నీళ్లలో నడిమిగీతకు ఒక్కో పక్క దాదాపు 19.5 డిగ్రీలని, మామూలు వేగాల్లో ఆ కోణం మారదని భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ పంతొమ్మిదో శతాబ్దంలోనే తేల్చాడు. కాబట్టి వేగం చూపించాలంటే కోణం పెంచితే తప్పు, ముక్కు దగ్గర నురగ పెంచాలి. రంగు కూడా ముఖ్యమే. సీసాలో వచ్చే నీలం పనికిరాదు. ముదురాకుపచ్చలో నలుపు కలిపి, ఎత్తైన చోట మాత్రమే కాస్త లేత చెయ్యాలి.

పేరు వెనక అంచున రాస్తాను, ఆడేవాడికి కనబడేలా. ఖుక్రీ అని రాసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది. 1971 డిసెంబరు 9న అది అరేబియా సముద్రంలో మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు. ఆటలో దెబ్బతిన్న ఓడల్ని తీసి డబ్బాలో వేసెయ్యడం అలవాటు. మా ఆటలో ఓడ మునిగినచోటే బేస్ ఉంటుంది, మిగతా ఓడలు దాన్ని చుట్టి వెళ్లాలి.

ఇప్పుడు చేస్తున్నది కుర్సురా. అసలుది 2001లో విధుల నుంచి తప్పుకుని, 2002 నుంచి విశాఖ బీచిలో ఒడ్డున ఆధారాల మీద నిలబడి ఉంది. తొంభై మీటర్లు దాటిన ఆ జలాంతర్గామి అడుగు దాకా కనబడటం అక్కడికి వెళ్లినవాళ్లకు దొరికే భాగ్యం. ఆటకు అది కుదరదు. పైకి తేలినప్పటికి ఒక బేస్, మునిగినప్పటికి ఇంకొకటి కావాలి. రెండోదాని మీద ఓడ ఉండదు, పెరిస్కోపు వెనక సన్నటి తెల్లగీత మాత్రమే ఉంటుంది. ఆ గీతను ఎంత పొడవు లాగాలన్నది ఇంకా తేలలేదు.